రాయబారం లేని పిల్లిపోరు

మా బజారులో ఒక పిల్లి ఉంది. బూడిద రంగు, ఆడది, కుడి కన్ను కింద చిన్న గీత. దానికి రేషన్ కార్డు లేదు, ఓటు లేదు, ఇంతవరకు ఏ పార్టీ కండువా కప్పుకున్నదీ లేదు. నరసరావుపేటలో ఇన్ని లేకుండా బతుకుతున్న ప్రాణి బహుశా అదొక్కటే. అందుకే కాబోలు, వినాయకుడి పందిరి ఎక్కడ వెయ్యాలన్న దాని మీద ఇరవయ్యేళ్లుగా ఒక మాట మీదికి రాని మా బజారు పెద్దలు, దాని మీద మాత్రం ఒక్కతాటి మీదికొచ్చి అర్జీ రాశారు.

అర్జీ నేనూ చదివాను. రాసింది రిటైరైన తెలుగు మాస్టారు కాబట్టి భాషకేం లోటు లేదు. ‘ఆర్యా, మా వీధియందు మార్జాలముల సంచారము మితిమీరినది. రాత్రివేళ శిశురోదనము వలె వికృతస్వరములు చేయుచు నిద్రాభంగము కలిగించుచున్నవి. పాలగిన్నెలు దొర్లించుచున్నవి. శుభకార్యములకు బయలుదేరువారికి అడ్డము వచ్చుచున్నవి. గృహనిర్మాణార్థము తోలించుకొనిన ఇసుక కుప్పలను అపవిత్రము చేయుచున్నవి. పక్క డాబా గొట్టము నుండి నీరు పడుచున్నది. కావున తమరు దయతలచి సదరు మార్జాలములను నిర్మూలించవలసినదిగా ప్రార్థన.’ కింద ఇరవై మూడు సంతకాలు, రెండు వేలిముద్రలు. దయతలచి నిర్మూలించడం ఎలాగో మాస్టారినే అడగాలి. గొట్టం మాట మధ్యలో ఎందుకొచ్చిందో కూడా నాకు అర్థం కాలేదు. పెద్దాయనకు వయసు మీదపడింది, ఒక విషయంలోంచి ఇంకో దాంట్లోకి జారిపోతుంటారు అనుకుని వదిలేశాను.

అర్జీలో నా పేరు లేదు గానీ, ‘ఒకానొక గృహస్థు పెరుగన్నము పెట్టి ప్రోత్సహించుచున్నాడు’ అని ఒక ముక్క ఉంది. ఆ గృహస్థును నేనే.

ఇక అర్జీ ప్రయాణం మొదలైంది. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. అర్జీ అంతకంటే ఒకిల్లు ఎక్కువే తిరిగింది. ఏ ఆఫీసో చెప్పను, చెప్పినా మీకేం కొత్త కాదు. ఒక బల్ల దగ్గర ‘కుక్కలైతే మేం చూస్తాం, పిల్లులు మా కిందికి రావు’ అన్నారు. ఇంకో బల్ల దగ్గర ‘పాలిచ్చేదైతే మాది, ఇది పాలు తాగేది కదా’ అన్నారు. మూడో బల్ల ఆయన కాగితం తిరగేసి మరగేసి ‘దీని ఓనరెవరు?’ అన్నాడు. లేరండీ అంటే, ‘ఓనరు లేకపోతే నోటీసు ఎవరికియ్యాలి?’ అని నిజంగానే బాధపడ్డాడు. చివరికి ఒకరోజు మాస్టారి ఫోనుకు మెసేజీ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడినది. ఆయన కళ్లజోడు పెట్టుకుని అది చదువుతున్నప్పుడు పిల్లి ఆయన అరుగు మీదే కూర్చుని మూతి నాక్కుంటోంది.

ఆరోపణల్లోకి వద్దాం. ముందు ఇసుక. 2024 జూలైలో రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం మొదలైంది. లోడింగు, బాడుగ, పైన చెప్పుకోలేని ఖర్చులు కలుపుకుంటే ఆ ఉచితం ఎంతకు పడుతుందో ఇల్లు కట్టించేవాణ్ణి అడగండి. నాకు తెలిసి పల్నాడు జిల్లాలో ఇసుకను అచ్చంగా ఉచితంగా వాడుకుంటున్న లబ్ధిదారు మా బజారు పిల్లి ఒక్కటే. పైగా అది వాడుకున్నాక పూడ్చి పోతుంది. ఏటి ఒడ్డున ఇసుక తవ్వుకుని గుంతలు అట్లాగే వదిలేసి పోయేవాళ్ల మీద ఇరవై మూడు సంతకాలతో అర్జీ పెట్టిన బజారు నాకింతవరకు కనపడలేదు.

శకునం సంగతి ఇంకా తేలిక. పిల్లి ఎదురొస్తే మనం వెనక్కొచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాం. పిల్లికి మనం ఎదురొచ్చిన రోజున దాని గతేమిటి? గోతం పట్టుకుని ఎదురొచ్చే మనిషి కంటే పెద్ద దుశ్శకునం దాని పంచాంగంలో ఉండదు.

గోతం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ప్రభుత్వం మెసేజీతో సరిపెట్టాక మా బజారు తన సొంత పద్ధతికి దిగింది. ఇది ఇక్కడ కొత్తేం కాదు. మిరపకాయల గోతంలో ఉప్పుచేప ముక్క వేసి, పిల్లి దూరగానే మూతి బిగించి, బండి వెనక కట్టుకుని పక్క ఊరి పొలిమేరలో విప్పి రావడం. ఘాటుకు అది దారిపొడుగునా తుమ్ముతూనే ఉంటుంది. బండి నడిపేవాడు ‘ఓయ్, ఊరుకో’ అంటుంటాడు. పోయినేడు ఇట్లాగే ఒక గండుపిల్లిని కోటప్పకొండ దారిలో వదిలొచ్చారు. కాకులు వాలకుండా శాపం పెట్టిన కొండ కదా, పిల్లులకు కూడా ఏదో ఒక శాపం దొరక్కపోతుందా అని ఆశ. నెల తిరక్కుండా మా బజారులో రెండు కొత్త గండుపిల్లులు దిగాయి. అందరూ ఆశ్చర్యపోయారు. ఇందులో ఆశ్చర్యమేముంది? పక్క ఊళ్లో ఉండేదీ మనుషులే. వాళ్ల దగ్గరా గోతాలుంటాయి.

పిల్లుల గురించి చదువుకున్నవాళ్లు చెప్పే మాట కూడా ఇదే. తిండి దొరికే చోటు ఖాళీ అయితే ఆ ఖాళీని పక్క పిల్లి నింపుతుంది. మా బజారు చివర ఆదివారం చికెన్ కొట్టు వెనక కాలవలో పడే పేగులు, పెళ్లి భోజనాల మర్నాడు మెలికలు తిరిగి పడుండే బిర్యానీ పొట్లాలు, మూత లేని చెత్త డబ్బాలు... ఇవన్నీ పిల్లి తెచ్చి పోసినవి కావు. మనం విందు పరిచి, వచ్చిన అతిథిని గోతంలో కడుతున్నాం. దేవుడు భక్తుణ్ణి తల్లిపిల్లి కూనను నోట కరుచుకున్నట్టు తానే మోస్తాడని వైష్ణవులు మార్జాల కిశోర న్యాయం చెప్పారు. మాచర్ల చెన్నకేశవుడి పేరు చెప్పుకునే సీమ మనది. మన చేతుల్లో ఆ న్యాయం గోతం న్యాయమైంది. మోయడం వరకు ఒకటే, దించేచోటే తేడా.

ఎందుకు చంపరు, గోతం ఎత్తడమెందుకు అంటే, దానికీ ఒక లెక్కుంది. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమియ్యాలని మన పెద్దవాళ్లు చెబుతారు. బంగారం ఈ ధర పలుకుతుంటే పాపానికి ఎవరు తెగిస్తారు? కనక పొలిమేరలో వదిలేస్తే తర్వాతి పని లారీ చూసుకుంటుంది, కాశీ ఖర్చు లారీది. ఇటు చట్టం సంగతి చూడండి. జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. మొదటిసారి దొరికిన వాడికి జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా. ఇప్పటికీ అంతే. బంగారు పిల్లి అడిగిన ముసలమ్మకు ఉన్న పట్టింపు పార్లమెంటుకు లేకపోయింది. ఆ మధ్య వచ్చిన భారతీయ న్యాయ సంహిత మాత్రం కాస్త కోపం తెచ్చుకుంది. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఈ సంగతి నేను బజారులో చెప్పినప్పుడు ఒకాయన ‘అయిదేళ్లంటే మొత్తం ఒక ఎమ్మెల్యే పదవీకాలం కదయ్యా’ అని నోరు తెరిచాడు. మనవాళ్లకు కాలాన్ని కొలవడానికి ఇంకో కొలబద్ద లేదు.

‘శాంతిభద్రతల సమస్య’ అని కూడా ఒకరు అన్నారు. పిల్లుల వల్ల! 2024 మే 13న పోలింగు నాడూ ఆ తర్వాతా మాచర్లలో, నరసరావుపేటలో ఏం జరిగిందో దేశమంతా టీవీల్లో చూసింది. ఎన్నికల సంఘం జిల్లా కలెక్టరును బదిలీ చేసింది, ఎస్పీని సస్పెండ్ చేసింది. 144 సెక్షన్ పెట్టారు. దుకాణాల షట్టర్లు దిగాయి. ఆ రాత్రుళ్లు మా ఊరి బజార్లలో నిర్భయంగా తిరిగింది పిల్లులు మాత్రమే. ఒక్క పిల్లి ఇంకో పిల్లిని ‘నువ్వెవరికి వేశావు’ అని అడగలేదు.

జంతువును అడ్డం పెట్టుకుని మనుషులు తన్నుకోవడం ఈ నేలకు పన్నెండో శతాబ్దం నాటి విద్య. గురజాల వాళ్లూ మాచర్ల వాళ్లూ ఒకే తండ్రి బిడ్డలే. నాయకురాలు నాగమ్మ ఒక పక్క, బ్రహ్మనాయుడు ఇంకో పక్క. మధ్యలో రెండు కోడిపుంజులు. పందెంలో ఓడిన మాచర్ల రాజులు ఏడేళ్లు రాజ్యం విడిచి వలస పోయారు. గడువు తీరి తిరిగొచ్చి మా భాగం మాకియ్యమంటే పొమ్మన్నారు. కారంపూడిలో నాగులేరు ఒడ్డున రెండు తరాల మగాళ్లు ఒకరినొకరు నరుక్కున్నారు. ఇంతకూ ఆ కోళ్లకు రాజ్యం ఎవరిదో తెలుసా? తెలియదు. మా పిల్లికీ మా బజారు ఎవరిదో తెలియదు.

కారంపూడిలో ఏటా కార్తీకంలో ఆ వీరులకు ఆరాధనోత్సవాలు చేస్తారు. అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. మా బజారు పిల్లిపోరు కూడా సరిగ్గా ఇదే వరసలో నడిచింది. గోడ మీద నుంచి కేకలతో రాచగావు అయింది. వాట్సాప్‌లో మందపోరు అయింది. నా పెరుగన్నం గిన్నెను ఎవరో కాలవలోకి తన్నిన రోజు కోడిపోరు. గోతం వచ్చిన రోజును కళ్లిపాడు అనుకోండి. ఒక్క రెండో రోజే లేదు. ఇరవై మూడు సంతకాలు పెట్టిన ఇరవై మూడు మందిలో ఒక్కరూ మా గుమ్మం ఎక్కి ‘ఏమయ్యా, ఈ పిల్లి గోల ఏంటి?’ అని అడగలేదు. నేనూ ఎవరి గుమ్మం ఎక్కలేదు. అర్జీ ఊరంతా తిరిగింది గానీ అడ్డగోడ దాటలేదు.

దీనికీ మన కథలోనే కారణం ఉంది. మాచర్ల వాళ్ల తరఫున రాయబారానికి వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపారని వీరగాథ చెబుతుంది. గురజాల ఏలిన నలగామరాజుకు సాక్షాత్తూ అల్లుడు. అల్లుడికే ఆ మర్యాద జరిగాక ఈ సీమలో రాయబారిగా ఎవడు బయల్దేరతాడు? అర్జీ పెట్టడంలో ఆ భయం లేదు. అర్జీకి ఎవరూ విషం పెట్టరు, మహా అయితే పరిష్కరించేస్తారు.

పిల్లిని తరిమేస్తే ఏమొస్తుందో కూడా ఒక మాట అనుకోవాలి. పేట చుట్టూ వడ్ల మిల్లులు, మిర్చి గోదాములు. ఎలుకకు ఇంతకంటే స్వర్గం ఎక్కడుంది? సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పడుకోబెట్టిన ఎముకలు దొరికాయి. మనిషి గింజలు దాచుకోవడం మొదలెట్టాక ఎలుక వచ్చింది, ఎలుక వెనక పిల్లి వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. లండన్‌లో ప్రధానమంత్రి ఇంట్లో లారీ అనే పిల్లి 2011 నుంచి ఎలుకల పట్టివేత ఉద్యోగంలో ఉంది. ఆరుగురు ప్రధానులు మారారు, దానికి బదిలీ కూడా కాలేదు. మన దగ్గర వినాయక చవితికి ఎలుకకు పందిట్లో పీఠం, పిల్లికి గోతం.

2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో, అప్పటికి మనమంతా ఆ జిల్లాలోనే ఉన్నాం, పుట్టి పది రోజులైన పసివాడు ఎలుకలు కొరికి చనిపోయాడు. దాని మీద వ్యంగ్యం రాయడానికి నాకు చెయ్యి రాదు. పిల్లి ఉంటే అది జరిగేది కాదనీ అనను. ఆసుపత్రికి కావలసింది శుభ్రం, బోన్లు, బాధ్యత ఉన్న మనుషులు. చెత్తను వదిలేసి జంతువు మీద కత్తి దూసే అలవాటు ఎక్కడ తేలుతుందో ఆ రోజు చూశాం.

సరే, పిల్లి తరఫు వకాల్తా చాలు. రాత్రి అరుపులు నిజం. మాస్టారి మనవరాలు పరీక్షల నెలంతా ఆ అరుపులకు నిద్రలేక ఏడ్చిందన్నది నిజం. మెట్ల కింద ఈనితే వచ్చే కంపు నిజం. పిల్లి గీరినా కరిచినా సబ్బుతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తి టీకా వేయించుకోవాల్సిందేనన్నదీ నిజమే, అది మాస్టారి తప్పు కాదు. ఈ బాధల్లో సగం ఒక్క ఆపరేషన్‌తో పోతాయి. ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకొస్తుంది, తొమ్మిది వారాలకు ఈనుతుంది, ఏడాదిలో రెండు మూడు ఈతలు. రాత్రి వినపడే ఆ పసిపిల్ల ఏడుపు ఎదకొచ్చిన పిల్లిది, గోడల మీద మూత్రం కొట్టే కంపు గండుపిల్లిది. ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొస కాస్త కత్తిరించి, పట్టిన చోటే వదిలేస్తే అరుపులు పోతాయి, ఈతలు పోతాయి. కొత్త పిల్లి వస్తే తరమడానికి పాతది కాపలా ఉంటుంది. ముంబయి నగరపాలక సంస్థ పిల్లులకు కూడా ఈ ఆపరేషన్లు చేయిస్తోంది. మన దగ్గర 2023లో జంతు జనన నియంత్రణ నియమాలు వచ్చాయి గానీ వాటి చూపంతా కుక్కల మీదే. పల్నాడు నుంచి పిల్లిని బుట్టలో పెట్టుకుని గన్నవరం పశువైద్య కళాశాల దాకా పోవాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. బస్సులో కండక్టరు దానికి టికెట్టు కొడతాడో లేదో వేరే సంగతి.

ఖర్చెవరిది అని బజారులో అడిగాను. డీజేకు ఇంటికి రెండు వేలు లెక్కన చందా ఇచ్చిన చేతులన్నీ ఒక్కసారి జేబుల్లోకి వెళ్లిపోయాయి. పిల్లికి బిచ్చం పెట్టడన్న సామెత ఎవరి మీద పుట్టిందో నాకు ఆ సాయంత్రం అర్థమైంది.

అంతా వాళ్లనే అంటే ఎట్లా? పెరుగన్నం పెట్టే గృహస్థు మీద కూడా ఒక దెబ్బ పడాలి. రోజూ గిన్నెడు పెట్టి చేతులు దులుపుకున్నాను. పుణ్యం నా ఖాతాలో పడేది, ఈతలు మాస్టారి మెట్ల కింద పడేవి. మిగిలిన మెతుకులకు చీమలు, చీమలకు బల్లులు, అన్నీ ఆయన వైపు గోడ మీదే. జీవకారుణ్యం చేసేవాడు గిన్నె కడుక్కోవాలని, వేళ తప్పకుండా తన గుమ్మంలోనే పెట్టాలని, తినగానే తీసెయ్యాలని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే గుమ్మం ఎక్కాలి కదా.

గుమ్మం ఎక్కింది మా మేనత్త. గురజాల నుంచి మోకాళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చింది. రెండు రోజులు మా ఇంట్లో ఈ గొడవే వింది. మూడో రోజు పొద్దున గోంగూర పచ్చడి ఒక గిన్నెలోకి తీసి, పైట భుజం మీదుగా లాక్కుని చెప్పులేసుకుంది.

‘ఎక్కడికత్తా?’ అన్నాను.

‘మాస్టారింటికి.’

‘వద్దత్తా. వాళ్లు కోపంగా ఉన్నారు. అలరాజు కథ తెలుసుగా నీకు.’

‘తెలుసులేరా. ఆయనగారు పచ్చడి తీసుకెళ్లలేదు’ అని వెళ్లిపోయింది.

గంట గడిచింది. రెండు గంటలు. గోడ అవతల నుంచి మాటలు వినపడుతున్నాయి గానీ ఏమీ అర్థం కావట్లేదు. ఒకసారి మాస్టారి భార్య గట్టిగా నవ్వింది. ఆమె నవ్వు మేం విని మూడేళ్లయింది. మధ్యాహ్నం వేళకు అత్త నోరు ఎర్రగా పండించుకుని, ఖాళీ గిన్నెలో వాళ్ల దొడ్లో కాసిన నిమ్మకాయలు వేసుకుని వచ్చింది.

‘ఏమైందత్తా?’

‘ఏమవుద్ది? కాఫీ ఇచ్చారు. పంచదార కాస్త ఎక్కువైంది, అంతే.’

‘పిల్లి సంగతేమన్నారు?’

‘వాళ్లూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు’ అంటూ మంచం మీద కూర్చుని మోకాళ్లు పట్టుకుంది. ‘మూడేళ్ల కింద డాబా మీద వానగొట్టం వాళ్ల వైపుకు తిప్పావంటగా. వాన పడ్డప్పుడల్లా నీళ్లన్నీ ఆమె తులసికోట మీద పడుతున్నయ్. నిలబెట్టి అడగలేక ఆయన మూడేళ్లుగా లోపలే కుములుతున్నాడు. ఆ అర్జీలో కూడా రాశాట్ట, నువ్వు చదవలేదా?’

నేనేం మాట్లాడలేదు.

‘రేపు మేస్త్రీని పిలిపించు. ఆ తర్వాత పిల్లి ఆపరేషన్‌కు సగం డబ్బులు ఆయన్నడుగు, ఇస్తాడు’ అని, గుమ్మంలో కూర్చుని తననే చూస్తున్న బూడిదరంగు పిల్లి వైపు తిరిగి, ‘నువ్విటు రావే’ అంది.